హాల్లో డప్పు, వరండాలో మత్తయ్య

వాయిద్యాన్ని వాయించడమంత అనాగరికమైన పని ఇంకొకటి లేదు!

కోప్పడకండి. ముందు వినండి. వీణ చేసినవాడు ఆ కుండను ఎంత నున్నగా చెక్కాడు! ఆ యాళి మొహానికి ఎంత ఓపికగా కోరలు పెట్టాడు! తీరా వాయించడం మొదలుపెట్టగానే మనం ఏం చేస్తాం? కళ్లు మూసుకుని తల ఊపుతాం. అంటే అతని పనితనాన్ని చూడనే చూడం. ఇది అవమానం కాదూ? అదే వీణను హాల్లో టీవీ పక్కన నిలబెట్టండి. వచ్చినవాళ్లందరూ కళ్లు తెరుచుకునే ఉంటారు.

పైగా వాయించే వీణతో ఎన్ని తిప్పలు! శ్రుతి తప్పుతుంది. తీగ తెగుతుంది. నేర్చుకునే పిల్ల మొదటి పాఠం దగ్గరే ఆర్నెల్లు ఉండిపోతుంది, ఈలోగా పక్కింటివాళ్లు ఇల్లు మారిపోతారు. వాయించని వీణ ఏనాడైనా అపస్వరం పలికిందా? ఎవరి మధ్యాహ్నపు నిద్రయినా చెడగొట్టిందా? మనది శాంతిని కోరే దేశం. హాల్లో పెట్టుకున్న వాయిద్యం అంతకంటే శాంతంగా ఉంటుంది.

ఈ సత్యాన్ని శంషాబాద్‌లో అందరికంటే ముందు గ్రహించిన ఘనుడు వినోద్ కుమార్. ఎంత చెప్పినా గ్రహించలేకపోయినవాడు అతని తండ్రి మత్తయ్య. మన కథ, పాపం, ఈ రెండోవాడిది.

అవి తొంభై ఎనిమిది నాటి రోజులు. శంషాబాద్‌కు ఏర్‌పోర్టు వస్తుందన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. కానీ విమానం కంటే ముందే కాలనీ దిగింది. ఏర్‌పోర్ట్ వ్యూ కాలనీ! డాబా ఎక్కి ఎంత దూరం చూసినా హిమాయత్ సాగర్ వైపు మేతకు పోతున్న బాలమల్లు మేకలు తప్ప ఇంకేమీ ఎగిరేవి కావు. అయినా ఎవరూ పేరు మార్చమనలేదు. చూసే వస్తువుకు పనితో నిమిత్తమేమిటి? ఆ కాలనీలోనే, రాజేంద్రనగర్‌లో సర్కారు ఉద్యోగం చేసే వినోద్ కుమార్ ఇల్లు కట్టాడు. ముందు పెద్ద హాలు, వెనక చిన్న వరండా. వరండాలో నులక మంచం. మంచం మీద మత్తయ్య.

ఇల్లు కట్టిన కొత్తలోనే వినోద్ కుమార్ తన ఆఫీసు డైరెక్టర్ గారింటికి టీకి వెళ్లాడు. అక్కడ అద్దాల పెట్టెలో వీణ ఉంది. ఆ వీణను ఎవరైనా వాయిస్తారా అని అతను అడగలేదు. అడగాలనిపించలేదు కూడా. టీ తాగుతున్నంతసేపూ ఆ వీణ తనను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు చూసిందట. ఇంటికొచ్చి, మేనత్త కొడుకు కరుణ్‌ను పిలిపించాడు.

కరుణ్ వడ్రంగి. వారం రోజుల్లో హాలు గోడంత షోకేసు నిలబెట్టాడు. ముందంతా టేకు, అద్దాలు, ట్యూబులైటు. వెనకా కిందా పల్చటి ప్లైవుడ్. పైన పటారం, లోన లొటారం. వినోద్ కుమార్ కింది అరను వేలితో తట్టి చూశాడు.

“ఇదేందిరా, డబ్బ లెక్క మోగుతున్నది?”

“లోపట డొల్ల ఉంటే తేలిక గద బావా! రేపు నీకు తబాదలా అయి ఊరు మారాలె అనుకో. నాలుగు నట్లు ఇప్పి తీస్కపోవచ్చు,” అన్నాడు కరుణ్.

ఆ మోత మత్తయ్య చెవిన పడింది. వరండాలో కూర్చునే, మంచి గొంతుంది దీనికి, అనుకున్నాడు. యాభై ఏళ్లు చేత్తో తాళం వేసిన మనిషి. పళ్లెం కింద పడినా అది ఏ దరువులో పడిందో చెప్పగలడు.

ఇక షోకేసు నిండడం మొదలైంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో బుల్‌బుల్ తరంగ్ అనే మీటల వాయిద్యం దొరికింది, దాని మీద టీవీ రిమోట్ పెట్టడానికి సరిగ్గా చోటుంది. పహాడీ షరీఫ్ దగ్గర ఓ పాత సన్నాయి దొరికింది, అందులో ప్లాస్టిక్ గులాబీ గుచ్చారు. ఒంటి తబలా వచ్చింది. దాని తోలు పోయి ఉంటే, అది కూడా మేలే అయింది. మట్టి పోసి క్రోటన్ మొక్క నాటారు. వయొలిన్ వచ్చింది. వయొలిన్ కంటే దాని పెట్టె ఎక్కువ ఉపయోగపడింది. గ్యాసు రసీదులన్నీ అందులో పట్టాయి. చివరికి వీణ కూడా వచ్చింది. దాని మీద వినోద్ కుమార్ భార్య షెకీనా క్రోషియా గుడ్డ కప్పింది.

“ఇన్ని బాజాలున్నయి గద మామా. ఇంట్ల మోగేది కుక్కర్ ఒక్కటే,” అంది షెకీనా ఓ రోజు మామగారికి చాయ్ ఇస్తూ.

మత్తయ్య నవ్వాడు. కోడలిని ఆయన ఇష్టపడేది ఇందుకే.

ఇంటి అలంకారానికి శత్రువు దుమ్ము కాదు, చెదలు కాదు. “ఎవరు వాయిస్తారండీ?” అనే ప్రశ్న! దీన్ని ఎదుర్కోవడంలో వినోద్ కుమార్ చూపిన చాకచక్యం రాబోయే తరాలకు పాఠం. తీగ తెగిందనేవాడు. తీగ మద్రాసు నుంచి రావాలనేవాడు. అదే మనిషి రెండోసారి వస్తే లారీల సమ్మె అనేవాడు. పాస్టర్ గారు అడిగితే, శ్రమల దినాలు కదండీ, ఇప్పుడు వాయించకూడదు, అన్నాడు. శ్రమల దినాలు ఈస్టర్‌కు ముందు వస్తాయి, అప్పుడు క్రిస్మస్. పాస్టర్ గారు పెద్దమనిషి కనక కేకు తిని వెళ్లిపోయారు.

అలా నడుస్తుండగా ఓ రోజు డైరెక్టర్ గారి సతీమణి ఫ్యాషన్ మార్చారు. “వీణలూ వయొలిన్లూ పాతబడిపోయాయండీ. ఇప్పుడంతా ఫోక్!” అన్నారట. ఆ మాట ఆఫీసుకు పాకి, ఆఫీసు నుంచి వినోద్ కుమార్ దాకా వచ్చింది. ఫోక్ కోసం అతను ఢిల్లీ పోవాల్సిన పని లేకపోయింది. సొంత ఇంటి అటక మీదే గోనెసంచిలో ఉంది.

అది మత్తయ్య డప్పు.

మత్తయ్య పగలు తోటమాలి. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఊరికి ఆయనే గుండెకాయ. చింతకట్టె చట్రం, మేకతోలు, కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెనపుల్ల. ఆయన పెండ్లి దరువు అందుకుంటే ముసలమ్మలు కర్రలు పక్కన పడేసి ఎగిరేవాళ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఒకటి. ఎంత గొప్పగా వాయించినా గడప బయటే. ఏ ఇంటివాళ్లూ లోపలికి రమ్మనలేదు. డప్పూ బయటే, మనిషీ బయటే, పెట్టిన అన్నమూ బయటే.

కొడుకు చదువుకుని ఉద్యోగస్తుడయ్యాక, “ఇగ బంద్ పెట్టు బాపు. ఆఫీసుల తెలిస్తే ఇజ్జత్ పోతది,” అన్నాడు. మత్తయ్య డప్పుకు గోనె చుట్టి అటకెక్కించాడు. నెలకోసారి, కొడుకు ఆఫీసులో ఉన్నప్పుడు దించి, ఎండ చూపించి, తుడిచి, మళ్లీ చుట్టిపెట్టేవాడు. షెకీనా స్టూలు పట్టుకునేది.

అలాంటి డప్పు ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చేసరికి హాల్లో ఉంది! షోకేసు ఎదుటి గోడకు నట్టనడుమ, ట్యూబులైటు కింద, మిలమిల మెరుస్తూ!

మత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని ఇళ్ల ముందు మోగిన డప్పు! ఏ ఇంట్లోనూ హాలు దాకా పోలేదు. తన కొడుకు తెచ్చి అందరికంటే పైన పెట్టాడు. కొడుకంటే ఇట్లుండాలె, అనుకున్నాడు. దగ్గరికెళ్లి చెయ్యి చాచాడు.

“ముట్టుకోకు బాపు!” అని అరిచాడు వినోద్ కుమార్. “ఏలిముద్రలు పడ్తయ్. కరుణ్‌తోని మూడు పూతలు వార్నిష్ ఏపిచ్చిన.”

“వార్నిషా? తోలుకా?”

“ఆ. అద్దం లెక్క లేదా?”

“అరే, తోలు గాలి పీల్చాలె గదరా. డప్పు ఊపిరి తీస్కోకుంటే ఎట్ల?”

“గోడ మీద ఉండేదానికి ఊపిరెందుకు బాపు?”

ఎంత లోతైన ప్రశ్న! మత్తయ్య డప్పును కింది నుంచి కాసేపు చూసి, హాలు దాటి, వంటిల్లు దాటి, వరండాలో తన మంచం మీద కూర్చున్నాడు. తండ్రి డప్పును గోడకెక్కించి తన డప్పు కొట్టుకుంటున్నాడని గిట్టనివాళ్లు వినోద్ కుమార్‌ను అన్నారు. అవి పట్టించుకోవలసిన మాటలు కావు.

ఆ వారంలోనే బాలమల్లు వచ్చాడు. మేకల బాలమల్లు. మత్తయ్యకు చిన్ననాటి నుంచి దోస్తు. ముందు గేటు వదిలేసి, అలవాటు ప్రకారం సందులోంచి వెనక వరండాకే వచ్చి, తువ్వాలతో మంచం దులిపి కూర్చున్నాడు. చేతిలో పసుపు రాసిన కార్డుంది.

“మత్తన్నా, రేఖ పెండ్లి. మా మనుమరాలు. పిలగానిది బుద్వేల్ ఊరు. పెండ్లి ఆడనే. పిల్లను ట్రాక్టర్ల తోల్కపోవాలె. యాదున్నదా?”

“ఎట్ల మర్శిపోత మల్లన్నా!”

ఏమిటా జ్ఞాపకం? ఇరవై ఏళ్ల కింద రేఖ పుట్టినప్పుడు బాలమల్లు మందలోంచి నల్ల మేకపోతును కోసి ఊరికి విందు పెట్టాడు. ఆ తోలు మడిచి తెచ్చి మత్తయ్య ఒడిలో పెట్టాడు. దీంతో డప్పు కట్టుకో, ఈ పిల్ల పెండ్లికి దీన్నే కొట్టాలె, అన్నాడు. పొలిమేర దాటేదాక కొడ్త, ఇది నా మాట, అన్నాడు మత్తయ్య. అటక మీద గోనెలో దాచుకున్నది అసలు డప్పును కాదు, ఈ మాటను.

“రెండో శనివారం, పదకొండు గొట్టంగ బైలెల్తం. నువ్వు కొట్టంది ట్రాక్టర్ కదలది,” అని బాలమల్లు లేచాడు.

ఆ సాయంత్రం మత్తయ్య కొడుకును అడిగాడు. జీవితంలో కొడుకును ఆయన ఏదైనా అడిగింది అదే మొదటిసారి.

“బాపు, పరేషాన్ చెయ్యకు,” అన్నాడు వినోద్ కుమార్. “రెండో శనివారమే డైరెక్టర్ సారూ మేడమూ ఇంటికొస్తున్నరు. డప్పు తీస్తే గోడ మీద మేకు కనవడ్తది.”

“రెండు గంటలు, బిడ్డా. పొలిమేర దాక పోయి మళ్ల తెచ్చి పెడ్త.”

“ఊరోల్లందరి ముంగట నువ్వు డప్పు కొడుతుంటే సార్ చూస్తే? కావాలంటే పట్నం నుంచి బ్యాండు మేళం కిరాయికి తెప్పిస్త. ఎర్ర కోట్లోల్లు వస్తరు.”

“బ్యాండోల్లకు మేకపోతును ఎవలిచ్చిండ్రురా?”

వినోద్ కుమార్‌కు ఇది అర్థం కాలేదు. అతను ఇంకొక సంగతి చెప్పాలి, ఎలా చెప్పాలా అని నేల చూపులు చూశాడు. “ఇంగో బాపు… ఆ దినం నువ్వు జర ఎనక వరండలనే కూసో. వాళ్లు పోయేదాంక.”

ఆలోచించండి, ఇందులో తప్పేముంది? అలంకరణ అన్నాక దేని చోటు దానిది! డప్పు హాల్లో అందం, డప్పు కొట్టేవాడు వరండాలో అందం. మత్తయ్య ఈ సూత్రాన్ని కాదనలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. షెకీనా రెండుసార్లు పిలిచి, మూడోసారి కంచం తీసుకెళ్లి భర్త ముందు ధన్‌మని పెట్టింది.

రెండో శనివారం రానే వచ్చింది. పొద్దున్నే కరుణ్ వచ్చి వదులైన అద్దం తలుపు బిగిస్తున్నాడు. పదిన్నరకు డైరెక్టర్ గారు సతీసమేతంగా దిగారు. మత్తయ్య తెల్ల చొక్కా వేసుకుని, వరండాలో మంచం మీద ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చొక్కా ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలియదు. దిండు కింద సిర్ర, సిటికెనపుల్ల ఉన్నాయి. వాటికి వినోద్ కుమార్ వార్నిష్ వేయించడం మర్చిపోయాడు.

“అబ్బ, ఎంత బాగుందండీ ఈ పీస్!” హాల్లోంచి మేడమ్ గారి గొంతు వినిపించింది. “ఎక్కడ సంపాదించారు?”

“ఎంపోరియంలో మేడమ్. రాజస్థాన్‌ది,” అన్నాడు వినోద్ కుమార్.

వరండాలో మత్తయ్య తల దించుకున్నాడు. హిమాయత్ సాగర్ గడ్డి తిన్న మేకపోతు ఒక్క క్షణంలో రాజస్థాన్ పోయింది! తను ఎక్కడికి పోయాడో మత్తయ్యకు తెలియలేదు. వంటింట్లో జీడిపప్పు వేయిస్తున్న షెకీనా గరిట ఆపింది.

అప్పుడే వీధిలో ట్రాక్టర్ చప్పుడు. చప్పుడు దగ్గరికొచ్చి గేటు ముందు ఆగిపోయింది. ట్రాలీలో వరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, నడుమ రేఖను కూర్చోబెట్టారు. చుట్టూ నలభై మంది చుట్టాలు. బాలమల్లు దిగి గేటు పట్టుకుని నిలబడ్డాడు.

“మత్తన్నా! పెండ్లిపిల్లను తెచ్చి నీ గేటు ముంగట నిలవెట్టిన! లగ్గం పన్నెండు ఇరవైకి. ఇగ నీ ఇష్టం!”

చదువరులారా, అలంకరణ శాస్త్రానికి అంతకంటే పెద్ద ప్రమాదం ఉండదు. మత్తయ్య దిండు కింది సిర్రా పుల్లా జేబులో వేసుకుని లేచాడు. వంటిల్లు దాటాడు. హాల్లోకి వచ్చాడు. డైరెక్టర్ గారు జీడిపప్పు నోటి దగ్గర పట్టుకుని చూస్తున్నారు. మత్తయ్య ఎవరినీ చూడలేదు. స్టూలు వేసుకుని, రెండు చేతులా డప్పును దింపుకుని, చంకన పెట్టుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి నడిచాడు. గోడ మీద మేకు కనపడింది.

“బాపు! బాపూ!” అని వినోద్ కుమార్ వెనకే పరుగెత్తాడు. అతిథుల ముందు ‘బాపు’ అన్నది నోరు జారి వచ్చిందన్న సంగతి అతనికీ తట్టలేదు, అతిథులకూ తట్టలేదు.

బయట ట్రాలీలోంచి నాలుగు గుప్పెళ్ల గడ్డి లాగి అప్పటికే మంట వేశారు. డప్పును ముందు మంటకు కాచాలి. తోలు బిగిస్తేనే పలుకుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. మూడు పూతల వార్నిష్‌కు తెలియదు. మత్తయ్య యాభై ఏళ్ల అలవాటుతో డప్పును మంట మీద తిప్పాడో లేదో, భగ్గుమంది!

“ఓరి దేవుడో! మండుతున్నది!” అని ఆడవాళ్లు అరిచారు. షెకీనా ప్లాస్టిక్ పూల కుండీ కోసం పరుగెత్తి, అందులో నీళ్లుండవని గుర్తొచ్చి, మజ్జిగ జగ్గు తెచ్చి కుమ్మరించింది. మంట ఆరింది. తోలు నడుమ గుమ్మడికాయంత కంత పడింది. అంచుల నుంచి నల్లటి పేలికలు వేలాడుతున్నాయి.

మత్తయ్య చట్రాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఆ కంతలోంచి బాలమల్లును చూస్తున్నాడు. “మల్లన్నా, నా మాట పాయె,” అని ఏడ్చాడు. ఆ పెద్దమనిషి అలా ఏడవడం వినోద్ కుమార్ ఎన్నడూ చూడలేదు. తల్లి పోయినప్పుడు కూడా చూడలేదు.

ఇక్కడ మన ఘనుడు పప్పులో కాలేశాడు. ఒక్క క్షణంలో అలంకరణ ధర్మమంతా గాలికొదిలేశాడు! “ఆగు బాపు! ఇంట్ల మస్తున్నయి!” అని హాల్లోకి దూరాడు.

ముందు తబలా తెచ్చాడు. తిరగేస్తే క్రోటన్ మొక్క వేళ్లతో సహా, అప్పటికి గేటు దాకా వచ్చిన డైరెక్టర్ గారి బూట్ల మీద పడింది. సన్నాయి తెచ్చాడు. కరుణ్ గులాబీ పీకి, బుగ్గలు పగిలేలా ఊదాడు. అవతలి కొసన ఓ బల్లి తల బయటపెట్టి, అందరినీ చూసి మళ్లీ లోపలికి పోయింది. వయొలిన్ పెట్టె తెరిస్తే గ్యాసు రసీదులు గాలికి లేచి పెళ్లిపిల్ల మీద అక్షింతల్లా రాలాయి. బుల్‌బుల్ తరంగ్ మీట నొక్కితే నొక్కిన మీట లోపలే ఉండిపోయింది. వీణ గుడ్డ తీస్తే తీగలే లేవు. ఆ తీగలన్నీ ఇంకా మద్రాసులోనే ఉన్నాయి! ట్రాలీలో నవ్వు మొదలైంది. ముందు రేఖే నవ్వింది. పెళ్లిపిల్ల నవ్వకూడదని ముసలమ్మ గిల్లితే, ఇంకా ఎక్కువ నవ్వింది.

“ఏందిది వినోదూ! అంగడి నిండ సామాను, అన్ని మూగయేనా?” అన్నాడు బాలమల్లు.

వినోద్ కుమార్ చెమటలు కక్కుతూ మళ్లీ లోపలికి పోయాడు. ఇంకేమీ మిగల్లేదు. ఉత్త షోకేసు. ఉక్రోషం పట్టలేక కింది అర తలుపును కాలితో తన్నాడు.

ధన్!

అతని వెనకే ముందు గుమ్మం దాకా వచ్చిన మత్తయ్య తలెత్తాడు. “మళ్ల తన్ను,” అన్నాడు.

ధన్!

“పక్కకు జరుగు.” మత్తయ్య షోకేసు ముందు మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి సిర్రా పుల్లా తీశాడు. ప్లైవుడ్ నడుమ ఒక దెబ్బ. మూలన రెండు. టేకు అంచు మీద సన్నపుల్లతో చిటచిట. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. వరండాలో కూర్చుని ఆనాడే అనుకున్నాడు కదా, మంచి గొంతుంది దీనికి! “కరుణ్! దీని నట్లిప్పు!”

“మామా, ఇది బావ షోకేసు…”

“ఇప్పురా!” అని అరిచింది మత్తయ్య కాదు. వినోద్ కుమార్!

నాలుగు నట్లు ఊడాయి. కింది అర పెట్టె విడిపోయింది. నలుగురు ఎత్తారు, అందులో ఒకరు డైరెక్టర్ గారు! ఆయన ఎప్పుడు కోటు విప్పారో, ఎప్పుడు భుజం పట్టారో ఎవరూ చూడలేదు. పెట్టెను తీసుకెళ్లి ట్రాలీలో రేఖ ముందు పెట్టారు. మత్తయ్య ట్రాలీ ఎక్కాడు. కొట్టబోయి ఆగాడు. కాలిన డప్పు నుంచి వేలాడుతున్న తోలు పేలికను పుటుక్కున తెంపి, సిర్ర కొసకు గట్టిగా చుట్టి కట్టాడు.

“మల్లన్నా, చూడు! నీ మేకపోతు తోలే, నీ పిల్ల పెండ్లికే!”

బాలమల్లు తువ్వాల తీసి తలకు చుట్టుకుని ఎగరడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత సంగతి ఏం చెప్పమంటారు! పెండ్లి దరువు అందుకున్నాక ఏర్‌పోర్ట్ వ్యూ కాలనీలో తొలిసారి ఏదో గాలిలోకి లేచినట్టయింది. షెకీనా గరిటతో సహా ఎగిరింది. పెట్టె తలుపు మీద వినోద్ కుమార్ అంటించిన ‘ముట్టరాదు’ కాగితం ప్రతి దెబ్బకూ ఎగిరి ఎగిరి చివరికి ఊడిపోయింది. డైరెక్టర్ గారు క్రోటన్ మట్టి బూట్లతోనే రోడ్డు మీద గిరగిరా తిరిగారు. మేడమ్ గారు గేటు దగ్గర చప్పట్లు కొడుతూ, వినోద్ కుమార్ మోచెయ్యి పట్టుకుని అడిగారు.

“ఈ ఆర్టిస్టును కూడా ఎంపోరియం వాళ్లే పంపించారా వినోద్ కుమార్ గారూ?”

వినోద్ కుమార్ మొహం చూడాలి. గోడ మీద మేకు కనపడినప్పుడు కూడా అంత తెల్లబోలేదు. ఒకసారి మేడమ్ వైపు చూశాడు. ఒకసారి ట్రాలీ మీద తెల్లచొక్కాలో ఎగిరెగిరి కొడుతున్న ముసలాయన వైపు చూశాడు.

“లేదు మేడమ్. ఆయన మా బాపు,” అన్నాడు. “డప్పు రాజస్థాన్‌ది గాదు. మాదే.”

అని, ట్రాక్టర్ కదులుతుంటే పరుగెత్తి ట్రాలీ ఎక్కాడు. పొలిమేర దాకా షోకేసు జారిపోకుండా పట్టుకున్నది అతనే. సమయానికి బుద్వేల్ చేరారు. లగ్గం తప్పలేదు.

ఇదంతా చదివి మీరు వాయిద్యాలు గోడల మీద పెట్టడం చెడ్డదని తీర్మానించుకుంటారేమో. తొందరపడకండి! డప్పు గోడ ఎక్కకపోతే వార్నిష్ పడేదా? వార్నిష్ పడకపోతే తోలు కాలిపోయేదా? అది కాలకపోతే షోకేసు హాలు నడిమి నుంచి, ముందు గుమ్మంలోంచి, నలుగురూ చూస్తుండగా బయటికి నడిచేదా? డప్పు గోడెక్కడానికి ఒక్క మేకు చాలింది. మత్తయ్య వరండాలోంచి హాల్లోకి రావడానికి మాత్రం ఇల్లంతా గుల్ల కావాల్సి వచ్చింది. ఈ లెక్క ఎవరు చూస్తున్నారు?

అప్పటి నుంచి ఆ ఇంట్లో షోకేసుకు కింది అర లేదు. అక్కడ నులక మంచం వేశారు. కాలిన డప్పును వినోద్ కుమార్ మళ్లీ అదే మేకుకు తగిలించాడు. ఎవరు వాయిస్తారని అడిగితే మంచం వైపు చూపిస్తున్నాడు. మత్తయ్య కాలు మీద కాలేసుకుని, చాయ్ తాగుతూ, “ఏం దరువు గావాలె?” అంటాడు.

ఆ నెలలోనే డైరెక్టర్ గారి డ్రైవర్ వచ్చాడు. మేడమ్ పంపారట. డప్పు నడుమ ఆ కాలిన కంత డిజైన్ చాలా కొత్తగా ఉందట. వాళ్ల హాలుకు సరిగ్గా అలాంటిదే కావాలట. ఎక్కడ దొరుకుతుందో కనుక్కురమ్మన్నారట. వినోద్ కుమార్ నోరు తెరవబోతే మత్తయ్య చేత్తో ఆపాడు.

“దొరుకుతది తమ్మీ, ఎందుకు దొరకది! ముందుగాల ఒక దోస్తు గావాలె. ఆయనింట్ల ఒక ఆడపిల్ల పుట్టాలె. ఆయన పానం లెక్క సాదుకున్న మేకపోతు తోలు తెచ్చి నీ ఒళ్లె పెట్టాలె. ఇగ ఇరవై ఏండ్లు ఆగాలె. గంతే.”

డ్రైవర్ జేబులోంచి కాగితం తీసి అన్నీ వరసగా రాసుకున్నాడు. దోస్తు, ఆడపిల్ల, మేకపోతు, ఇరవై ఏళ్లు. రాసుకుని, మడిచి జేబులో పెట్టుకోబోతూ ఆగి, పాలిష్ ఏ రంగు వేయించాలని అడిగాడు.